రిచర్డ్ పూల్‌ని చంపిన ఎపిసోడ్‌లో దాచింది హంతకుణ్ణి కాదు, టైముని

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 'డెత్ ఇన్ పారడైజ్' అనే బీబీసీ డిటెక్టివ్ సీరియల్ మూడో సీజన్ మొదటి ఎపిసోడ్ చూశారు. రెండు సీజన్లుగా అలవాటైపోయిన ఇంగ్లీషు డిటెక్టివ్ రిచర్డ్ పూల్‌ని మొదట్లోనే చంపేసేసరికి మనసు చివుక్కుమంది, తర్వాత గంటసేపు కళ్లు పెద్దవి చేసుకుని చూసినా హంతకుడెవరో అందలేదు. ఇలాంటి కథ ఎలా అల్లుతారు అన్నది ఒక ప్రశ్న. మీరు కూడా గోదావరి లంకలో జరిగే హత్య కథ ఒకటి రాస్తున్నారు, చివర్లో సీసీ కెమెరాలో హంతకుడు దొరికిపోతాడు, చదివినవాళ్లంతా 'ఓస్, ఇంతేనా' అంటున్నారు, ఏం చేయాలి అన్నది రెండోది.

రెండింటికీ జవాబు ఒకటేనండి. మీరు ఎపిసోడ్ పొడవునా 'ఎవరు' అని వెతికారు. వాళ్లు దాచింది 'ఎప్పుడు' అన్నదాన్ని. ఈ సీరియల్లో చాలా ఎపిసోడ్లు ఇంతే. హత్య ఎప్పుడు జరిగిందని మనం నమ్ముతున్నామో అప్పుడు జరగలేదు. ఆ ఒక్క మేకు పీకితే నలుగురి ఎలిబీల్లో (ఆ టైములో వేరేచోట ఉన్నామనే సాక్ష్యాల్లో) ఒకటి దానంతటదే కూలిపోతుంది. ఆ ఎపిసోడ్‌లో హంతకుడెవరో మాత్రం ఇక్కడ చెప్పను, ఇంకా చూడనివాళ్లు ఉంటారు, వాళ్ల పాపం నాకెందుకు.

నా సంగతి కొంచెం. పద్దెనిమిదేళ్లుగా హైదరాబాదులో టీవీకి రాస్తున్నాను. ఎక్కువ భాగం డైలీ సీరియల్ డైలాగులే, మధ్యలో ఐదారేళ్లు క్రైమ్ ఎపిసోడ్లు కూడా రాశాను. వాటిలో బాగున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, బాగోలేనివి ఎందుకు బాగోలేదో మాత్రం బాగా తెలుసు. సెయింట్ మరీ అనే దీవిలో జరిగే ఈ ఎపిసోడ్లని ఒకప్పుడు నోట్సు రాసుకుంటూ, రిమోట్ చేత్తో పట్టుకుని, ఆపి ఆపి చూశాను. మా ఆవిడ ఇప్పటికీ నాతో కలిసి ఏదీ చూడదు.

ముందు ఈ సీరియల్ ఎక్కడినుంచి పుట్టిందో చెప్పాలి, మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. 2007 మార్చి 17 గుర్తుందా? క్రికెట్ వరల్డ్ కప్. ట్రినిడాడ్‌లో మనవాళ్లు బంగ్లాదేశ్ చేతిలో ఓడిపోయారు, ఇక్కడ అందరూ అర్ధరాత్రి దాటేదాకా టీవీల ముందు తలలు పట్టుకుని కూర్చున్నారు. అదే రోజు జమైకాలో పాకిస్తాన్ ఐర్లాండ్ చేతిలో ఓడింది. మర్నాడు పొద్దున పాకిస్తాన్ కోచ్ బాబ్ వూల్మర్ కింగ్‌స్టన్‌లోని హోటల్ గదిలో స్పృహ లేకుండా దొరికాడు, ఆ రోజే చనిపోయాడు. జమైకా పోలీసులు గొంతు నులిమి చంపారని ప్రకటించారు. దర్యాప్తు నడిపింది స్కాట్లండ్ యార్డ్ నుంచి వచ్చి జమైకా పోలీసు శాఖలో డిప్యూటీ కమిషనర్‌గా చేస్తున్న మార్క్ షీల్డ్స్ అనే ఇంగ్లీషాయన. ప్రపంచమంతా ఊపిరి బిగపట్టి చూసింది. చివరికి జూన్‌లో అదే పోలీసులు హత్య కాదు, సహజ మరణమే అన్నారు. నవంబర్‌లో జ్యూరీ ఎటూ తేల్చకుండా వదిలేసింది.

ఆ వార్తలు చదువుతున్న రాబర్ట్ థోరోగుడ్ అనే రచయితకి కేసు మీద కంటే ఆ ఇంగ్లీషు పోలీసు మీద కన్ను పడింది. కరీబియన్ ఎండలో, ఆ హడావుడిలో, ఒక బ్రిటిష్ పోలీసు! అక్కడ మొదలై 2011 అక్టోబర్ 25న బీబీసీలో మొదటి ఎపిసోడ్ వచ్చింది. వూల్మర్ కేసులో ఎనిమిది నెలలు గడిచినా గట్టి జవాబు రాలేదు, దాన్నుంచి పుట్టిన సీరియల్లో మాత్రం ప్రతి వారం గంటలో జవాబు వచ్చి తీరుతుంది. జనం అందుకే చూస్తారని నా అనుమానం.

సెయింట్ మరీ అనే దీవి లేదు. కల్పితం. షూటింగ్ జరిగేది గ్వాడెలూప్ అనే కరీబియన్ దీవిలో, అందులోనూ దేయే అనే చిన్న తీరపు ఊళ్లో. సీరియల్లో ఓనొరే అనేది ఆ ఊరే. పోలీస్ స్టేషన్‌గా చూపించేది అక్కడి చర్చి పక్కనున్న చర్చివాళ్ల భవనం. టూరిస్టులు వెళ్లి దాని ముందు ఫొటోలు దిగుతారు. కథలో పోలీసులంతా చేరే కేథరిన్ బారు ఆ ఊళ్లో నిజంగా ఉన్న రెస్టారెంటే. డిటెక్టివ్ ఉండే గుడిసె పెర్ల్ బీచ్ ఒడ్డున వేస్తారు. గ్వాడెలూప్ ఈ రోజుకీ ఫ్రాన్స్‌లో ఒక భాగం, అక్కడ చెల్లేది యూరో. మరి కథలో బ్రిటిష్ పాలన, ఫ్రెంచ్ పేర్లు ఎలా కలిశాయి అని కొంతమంది వెక్కిరిస్తారు గానీ, అందులో అబద్ధం పెద్దగా లేదు. 1759లో ఇంగ్లీషువాళ్లు నిజంగానే గ్వాడెలూప్‌ని లాక్కున్నారు. 1763 పారిస్ ఒప్పందంలో ఫ్రాన్స్ కెనడాని వదులుకుని ఈ చక్కెర దీవిని వెనక్కి తీసుకుంది. అంత పెద్ద కెనడా ఇచ్చేసి ఇంత దీవి! అప్పట్లో పంచదారకి అంత విలువ మరి. ఆ దీవుల్లో ఒక్కోటి ఎన్ని చేతులు మారిందో చూస్తే థోరోగుడ్ కల్పన పెద్ద సాగతీతేం కాదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి, క్షమించండి. ఆ చక్కెర తోటల్లో బానిసత్వం 1848లో రద్దయ్యాక పనికి మనుషులు కావాల్సొచ్చి, 1854 నుంచి మన దేశం నుంచి కూలీలని ఓడల్లో తీసుకెళ్లారు. పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి వెళ్లినవాళ్లే ఎక్కువ. మన యానాం కూడా ఆ ఫ్రెంచ్ ఇండియాలోదే, 1954లో గానీ ఫ్రెంచివాళ్లు వదల్లేదు. గ్వాడెలూప్‌లో ఇప్పటికీ 'కొలొంబో' అని ఒక కూర వండుతారు, మసాలా పొడి చూస్తే మనకి చుట్టాలింటికి వెళ్లినట్టుంటుంది. సీరియల్లో ఈ మనుషులు పెద్దగా కనపడరు. కనపడితే బాగుండేది.

సరే, అసలు సంగతి. దేయే ఉన్నది పదహారో అక్షాంశం మీద. మచిలీపట్నం, విజయవాడ ఉన్నదీ దాదాపు అక్కడే. అంటే రిచర్డ్ పూల్ ఉన్ని సూటు, టై వేసుకుని, చేతిలో బ్రీఫ్‌కేసు పట్టుకుని, టీ సరిగ్గా లేదని గొణుక్కుంటూ తిరిగిన ఆ ఎండ మనకి తెలిసిన ఎండే. బందరులో జులైలో ఉన్ని కోటేసుకుని తిరిగే మనిషిని ఊహించుకోండి, ఆ పాత్ర మొత్తం అర్థమైపోతుంది. ఇది నవ్వు కోసమే పెట్టారనుకుంటారు. నిజానికి ఆ నవ్వు ఒక కర్టెను. ఆయన చెమట తుడుచుకుంటున్నప్పుడు, బల్లిని చూసి ఎగిరి పడుతున్నప్పుడు, టీ అడిగితే ఐసు వేసిందేదో చేతికొచ్చినప్పుడు మనం నవ్వుతాం. సరిగ్గా ఆ నవ్వే క్షణంలోనే క్లూని కళ్ల ముందు పెట్టి తీసుకెళ్లిపోతారు. నోట్సు రాసుకుంటూ చూసినప్పుడు నాకు ఎక్కువసార్లు దొరికింది ఇదే. ముఖ్యమైన మాట ఎప్పుడూ సీరియస్ సీన్లో ఉండదు. జోకు పక్కనే ఉంటుంది.

(ఆ బల్లి హ్యారీ కంప్యూటర్లో చేసింది. డిటెక్టివులు మారుతున్నారు గానీ బల్లి మారలేదు.)

ఇప్పుడు టైముని దాచడం అంటే ఏంటో వాళ్ల కథ చెప్పకుండా నేనే ఒకటి అల్లి చూపిస్తాను. అల్లేటప్పుడు వెనక నుంచి మొదలుపెట్టాలి, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. 'ఎవరు చంపారు' అని మొదలుపెట్టకూడదు. 'డిటెక్టివ్‌కి ఏది చూసి వెలుగుతుంది' అని మొదలుపెట్టాలి.

నేను ఎంచుకున్నది చీకటి. ఇంగ్లండులో జులైలో రాత్రి తొమ్మిది దాటినా సూర్యుడు ఉంటాడు. పదహారో అక్షాంశం మీద ఏడు కాకుండానే మునిగిపోతాడు, మునిగాక అరగంటలో కన్ను పొడుచుకున్నా కనపడదు. గ్వాడెలూప్‌లో జులైలో సూర్యాస్తమయం ఆరూ నలభై ప్రాంతంలో. మనకి ఇది వింతేం కాదు, లండన్ మనిషికి వింత.

కథ. దీవిలో కొండ మీద ఇల్లు, రమ్ వ్యాపారం చేసే పెద్దాయన. భార్య సాయంత్రం ఏడు నుంచి పదిదాకా కింద ఊళ్లో పార్టీలో ఉంది, యాభైమంది చూశారు. రాత్రి పదిన్నరకి ఇంటికొచ్చి, భర్త చచ్చి పడున్నాడని కేకలు. మిగతా అనుమానితులు ఇంకో ముగ్గురు: తమ్ముడు, ఇంటి డాక్టరు, ఉద్యోగం ఊడిన మేనేజరు. ఆ సాయంత్రం ఎక్కడున్నారో ఈ ముగ్గురూ సరిగ్గా చెప్పలేరు. భార్య మాత్రం కడిగిన ముత్యం, ఎందుకంటే ఆయన ఏడున్నరకి బతికే ఉన్నాడు. సాక్ష్యం లండన్‌లో ఉన్న బిజినెస్ పార్ట్‌నర్. 'అక్కడ ఏడున్నర, మాకు అర్ధరాత్రి దాటి అరగంట, వీడియో కాల్ చేశాను, నాలుగు నిమిషాలు మాట్లాడాడు' అంటాడు. ఫోన్ కంపెనీ లెక్క చూస్తే నిజమే, ఏడున్నరకి కాల్ ఉంది, నాలుగు నిమిషాలు నడిచింది. పోలీసులు నమ్మేస్తారు. చూసేవాళ్లూ నమ్మేస్తారు. అక్కడితో హత్య ఏడున్నర తర్వాతే అని మేకు దిగిపోయింది.

కానీ పార్ట్‌నర్ ఒక్క మాట ఎక్కువ మాట్లాడతాడు. 'పాపం, బాల్కనీలోకి నడిచి ఫోన్ అటు తిప్పి, ఇదిగో చూడు సూర్యుడు సముద్రంలో మునుగుతున్నాడు అని చూపించాడండీ, అదే ఆఖరి చూపు అవుతుందనుకోలేదు' అంటాడు. గొంతు పూడుకుపోతుంది. అంతే. అబద్ధం చెప్పేవాడికి ఎప్పుడూ ఇదే జబ్బు, అడగనిదానికి రంగులు వేస్తాడు. ఏడున్నరకి ఆ దీవిలో సూర్యుడెక్కడున్నాడు? మునిగి ముప్పావుగంట పైనే అయింది. ఆయన ఫోన్ తిప్పితే కనపడేది చీకటే. అంటే ఆ కాల్‌లో అవతల మాట్లాడింది ఆయన కాదు. ఆయన ఫోను భార్య హ్యాండ్‌బ్యాగులో ఉంది, పార్టీలో బాత్రూంలోకి వెళ్లి కాల్ ఎత్తి, మాట్లాడకుండా నాలుగు నిమిషాలు పట్టుకుని పెట్టేసింది. ఆయన్ని ఆరింటికే చంపి పార్టీకి వెళ్లింది. ఆమె, పార్ట్‌నర్ కలిసి ఆడిన నాటకం.

ఈ మాత్రం ఎవరైనా అల్లొచ్చండి, రెండు సాయంత్రాల పని. కష్టం ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఈ అబద్ధం ఎవరు చెప్పగలరు? ఆ దీవిలో ఒక్క సాయంత్రం గడిపినవాడు కూడా చెప్పలేడు. అందుకని పార్ట్‌నర్ ఎప్పుడూ దీవికి రాలేదని ముందే ఎక్కడో అనిపించాలి, అదీ వేరే సందర్భంలో, 'ఎన్నిసార్లు పిలిచాడో, ఒక్కసారీ రాలేకపోయాను' అని ఏడుస్తూ. చూసేవాడు జాలి పడాలి, లెక్క కట్టకూడదు. రెండో ఇబ్బంది, ఆ వాంగ్మూలం వినేటప్పుడు స్థానిక పోలీసు ఆ గదిలో ఉండకూడదు. సీరియల్లో స్థానిక పోలీసు డ్వేన్ లాంటివాడు ఉంటే వెంటనే నవ్వేసి 'ఏడున్నరకి సూర్యుడేంటి సార్' అంటాడు, కథ పన్నెండో నిమిషంలో అయిపోతుంది. కాబట్టి వాణ్ణి సైడ్‌కారున్న మోటారుసైకిలు మీద ఇంకెక్కడికో పంపాలి, వాంగ్మూలాన్ని దిగి మూడు రోజులైనా కాని లండన్ ఇన్‌స్పెక్టరు ఒక్కడే వినాలి. ఆయనకి ఏడున్నరకి సూర్యాస్తమయం అంటే త్వరగానే అయినట్టు లెక్క. ఇలా ఒక్క క్లూని కాపాడటానికి పది సీన్లలో మనుషుల్ని అటూ ఇటూ జరపాల్సి వస్తుంది. చూసేవాళ్లకి ఆ జరపడం తెలియకూడదు, మన ఇళ్లల్లో పెళ్లిచూపులప్పుడు పిల్లల్ని పక్కింటికి పంపినంత మామూలుగా ఉండాలి.

మూడోది, న్యాయం. చూసేవాడికి కూడా పట్టుకునే అవకాశం ఇవ్వాలి. కాబట్టి మొదటి ఐదు నిమిషాల్లో ఇన్‌స్పెక్టరు బారులో టీ కోసం గొడవపడుతుంటే వెనకాల ఓనరు లైట్లు వేస్తూ కనపడాలి, గోడ మీద గడియారం ఆరూ యాభై. దాని మీద కెమెరా ఆగకూడదు. టీ గొడవ మీదే మన కళ్లుండాలి. తర్వాత యాభయ్యో నిమిషంలో ఇన్‌స్పెక్టరు గుడిసె వరండాలో పేపరు చదువుతూ ఉంటే అక్షరాలు మసకబారి, 'ఏంటి, ఇంకా ఏడే కదా' అని వాచీ చూసుకుని, అలాగే ఆగిపోతాడు. ఆ ఆగిపోయే మొహం కోసమే జనం గంటసేపు కూర్చుంటారు.

మన తెలుగువాళ్లు మాత్రం ఈ కథలో హంతకుల్ని ఇన్‌స్పెక్టరు కంటే ముందే పట్టేస్తారు, బందరువాళ్లయితే మరీను. ఇంగ్లండులో చూసేవాడు పట్టలేడు. ఎవరికోసం రాస్తున్నారో తెలుసుకుని దాచాలి అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

న్యాయం అన్నాను కాబట్టి ఒక మాట. 1929లో రొనాల్డ్ నాక్స్ అని ఒక ఇంగ్లీషు క్యాథలిక్ ఫాదర్ డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాసిపెట్టాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనపడాలి, డిటెక్టివ్‌కి దొరికిన క్లూ వెంటనే పాఠకుడికీ చూపించాలి, రహస్య మార్గాలు ఒకటికి మించి ఉండకూడదు, ముందుగా సిద్ధం చేయకుండా కవలల్ని దించకూడదు. ఇలా పోతాయి. కవలల నియమం దగ్గర మన సగం సినిమాలు ఫెయిలు. ఒక నియమం చైనావాళ్ల గురించి, ఈ రోజు చదివితే సిగ్గేస్తుంది, అది వదిలేయండి. మిగతావి ఈ సీరియల్ చాలావరకు పాటిస్తుంది. మీ సీసీ కెమెరా తప్పుతున్నది కూడా ఇక్కడే. చూసేవాడి చేతిలో లేనిదేదో చివర్లో పైనుంచి ఊడిపడింది. వాడికి ఓడిపోయానన్న బాధ ఉండదు, మోసపోయానన్న కోపం ఉంటుంది.

గమనించారా, సెయింట్ మరీలో నలుగురే పోలీసులు. ఒక ఇన్‌స్పెక్టరు, ఒక సార్జెంటు, ఇద్దరు ఆఫీసర్లు. పాత జీపు, తెల్ల బోర్డు మీద ఫొటోలు. టెక్నాలజీ అంతా చేతికి అందనంత దూరంలో పెట్టారు. అది పేద దీవి అని చూపించడానికే అనుకోకండి. డీఎన్‌ఏ రిపోర్టు పది నిమిషాల్లో వస్తే బోర్డు ముందు నిలబడి ఆలోచించే పని ఉండదు. దీవి అంటే ఆ రచయితకి ఎత్తిపెట్టిన గోడ. ఎవరూ రారు, ఎవరూ పోరు, అనుమానితులు నలుగురే, రిపోర్టు ఆలస్యం. మీ లంక గ్రామం కూడా సరిగ్గా అదే కదండీ, చుట్టూ గోదావరి. అంత మంచి గోడని దేవుడిస్తే మీరు దానికి కెమెరా తగిలించారు.

మా సంగతి కూడా చెబుతాను, నవ్వుకోండి. ఒకసారి గోడ గడియారం ఆధారంగా ఒక ఎపిసోడ్ రాశాను. చక్కగా వచ్చింది, పది నిమిషాలు దాచాను. షూటింగు అయ్యాక ఎడిటింగు దగ్గరికి ఛానల్ తరఫు పెద్దమనిషి ఒకాయన వచ్చారు, పేరు వద్దు. 'జనానికి అర్థం కాదు బాబూ' అని ఆ గడియారం మీద మూడుసార్లు జూము పెట్టించారు. ఒక్కో జూముకీ ధన్ ధన్ ధన్ అని మ్యూజిక్కు. మూడో దానికి పిడుగు కూడా. మొదటి బ్రేకు రాకముందే మా అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి 'ఆ మావగారే కదా చంపింది' అంది. జనానికి అర్థం కాదన్న ఆయన మా అమ్మని కలిసి ఉంటే బాగుండేది. అప్పటినుంచి ఇలాంటి ఎపిసోడ్లు చూస్తే నాకు ముందు కనపడేది కథ కాదు, కెమెరా ఎక్కడ ఆగలేదా అని.

ఇక రిచర్డ్‌ని చంపడం. 2014 జనవరి 14న వచ్చింది ఆ ఎపిసోడ్. యూనివర్సిటీ నాటి స్నేహితులు దీవికొస్తే వాళ్లతో కలిశాడు, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే, ఐసు గడ్డలు పొడిచే చువ్వతో ఎవరో పొడిచి చంపేశారు. రిచర్డ్‌గా వేసిన బెన్ మిల్లర్ కుటుంబానికి దూరంగా నెలల తరబడి ఆ దీవిలో ఉండలేక మానేశాడు. కథలో రిచర్డ్‌ని లండన్‌కి బదిలీ చేసి పంపించేయొచ్చు. తర్వాత వచ్చినవాళ్లని అలాగే పంపారు. హంఫ్రీ ప్రేమించినావిడ కోసం ఇంగ్లండు వెళ్లాడు, జాక్ మూనీ ఇంటికెళ్లాడు, నెవిల్ 2024లో సార్జెంట్ ఫ్లోరెన్స్‌తో కలిసి పడవెక్కాడు. చచ్చింది రిచర్డ్ ఒక్కడే.

మీరు 'అంత సింపుల్‌గా చంపేశారేంటి' అని బాధపడ్డారు. నాకు మాత్రం ఆ ఎపిసోడ్‌లో అన్నిటికంటే నచ్చింది అదే. ఒకటి గుర్తు చేసుకోండి, మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్ ఎలా మొదలైంది? దీవిలో పనిచేస్తున్న బ్రిటిష్ ఇన్‌స్పెక్టర్ చార్లీ హ్యూమ్‌ని లోపల తాళం పడే గదిలో ఎవరో కాల్చి చంపారు. ఆ కేసు చూడటానికి లండన్‌లోని క్రాయిడన్ నుంచి రిచర్డ్ వచ్చాడు, వద్దు మొర్రో అంటున్నా ఆ కుర్చీ ఆయనకే అంటగట్టారు. అంటే రిచర్డ్ వచ్చిందే ఒక హత్యైన డిటెక్టివ్ కుర్చీలోకి. రెండు సీజన్లు మనం ఆ మాట మర్చిపోయి నవ్వుతూ కూర్చున్నాం. మూడో సీజన్లో అదే తలుపు మళ్లీ తెరిచారు. ఒక డిటెక్టివ్ చచ్చాడు, ఇంకొకడు దిగాడు. హంఫ్రీ గుడ్‌మన్ కాలు తట్టుకుని పడుతూ, నోట్‌బుక్కు లేక దొరికిన చిత్తు కాగితం మీదల్లా రాసుకుంటూ, రాని పెళ్లాం కోసం ఎదురుచూస్తూ వచ్చాడు. కొత్త మనిషిని జనం ఒప్పుకోరని రచయితలకి తెలుసు. అందుకే ఆయన చేతికి ఇచ్చిన మొదటి కేసు ఏది? మనం ఎవరి కోసం ఏడుస్తున్నామో ఆయన కేసే. హంతకుణ్ణి పట్టుకున్న క్షణంలో హంఫ్రీ మనకి బాకీ తీర్చినట్టయింది, కుర్చీలో కూర్చునే హక్కు వచ్చింది. బదిలీ చేసి ఉంటే ఆ హక్కు రావడానికి ఇంకో సీజన్ పట్టేది.

లోటు కూడా ఉంది, చెప్పకపోతే తప్పు. ఆ టీము రిచర్డ్ కోసం ఏడవాల్సినంత ఏడవలేదు. ఆయనతో పనిచేసిన సార్జెంట్ కమీల్‌కి ఇంకొంచెం టైము ఇవ్వాల్సింది. నవ్వించే సీరియల్లో దుఃఖానికి గంటలో చోటు దొరకదు, పజిలు మొత్తం తినేస్తుంది. వాళ్లకీ ఆ బాకీ గుర్తున్నట్టుంది, 2021లో పదో సీజన్లో కమీల్ తిరిగి వచ్చినప్పుడు రిచర్డ్‌ని ఆమె కళ్లకి మాత్రమే కనపడేలా కొద్దిసేపు తెచ్చారు. ఏడేళ్లు ఆలస్యంగా ఏడిపించారన్నమాట.

ఇంకో లోటు పెద్దది. దీవిలో పుట్టి పెరిగిన తెలివైన పోలీసులు ముగ్గురుండగా ప్రతిసారీ ఇంగ్లండు నుంచి దిగిన తెల్లాయనే వచ్చి మీ ఊళ్లో హత్య ఎలా జరిగిందో మీకు చెబుతాను అంటాడు. మనలాంటి దేశంవాళ్లకి ఇది కొంచెం గుచ్చుకుంటుంది. అక్కడా చాలామంది అన్నారు ఈ మాట. 2024 క్రిస్మస్ ఎపిసోడ్ నుంచి డాన్ గిలే వచ్చాడు, ప్రధాన డిటెక్టివ్‌గా మొదటి నల్లజాతి నటుడు. మొదలుపెట్టిన పదమూడేళ్లకి.

చివర్లో అనుమానితులందర్నీ ఒకచోట కూర్చోబెట్టి వరసగా చెప్పుకుంటూ వెళ్లే సీను గురించి కూడా అడిగారు, మీ కథలో పెట్టొచ్చా అని. పెట్టుకోండి, సరదాగా ఉంటుంది. కాకపోతే మన చట్టంలో పోలీసు ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదు, 1872 నాటి సాక్ష్యాధారాల చట్టంలో ఉన్న ఆ నియమం 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ అలాగే ఉంది. సెయింట్ మరీలో హంతకుడు నలుగురి ముందు 'అవును, నేనే' అనగానే బేడీలు పడి అందరూ కేథరిన్ బారుకి బీరు తాగడానికి వెళ్లిపోతారు. మీ ఎస్సై అలా వెళ్లిపోతే లాయరు నవ్వుతాడు. ఒప్పుకోలుతో పాటు చేతికి ఒక వస్తువు దొరకాలి. నా కథలో అయితే భార్య హ్యాండ్‌బ్యాగులోంచి దొరికే ఫోను.

ఇప్పుడు మీ కథ. కెమెరా తీసేయండి, కరెంటు పోయిందనో చెడిపోయిందనో సాకు కూడా వద్దు, అసలు లేదంతే. అనుమానితులు ఏడుగురున్నారు, నలుగురికి తగ్గించండి, ఆ ఇద్దరు బావమరుదుల్ని కలిపి ఒకణ్ణి చేస్తే నష్టం లేదు. కరణంగారి మనవడు మొదటిసారి ముప్పయ్యో పేజీలో వస్తున్నాడు, హంతకుడు వాడే కాబట్టి మూడో పేజీకల్లా వచ్చి ఏదో ఒక పిచ్చి పని చేసి మనల్ని నవ్వించి వెళ్లాలి. అన్నిటికంటే ముఖ్యం, మీ లంకకి ఒక గడియారం ఉంది, మీరు దాన్ని వాడుకోలేదు. రేవులో జనాన్ని దాటించే పంటు. పొద్దున మొదటి పంటుకి పాలవాడు దాటాడని రాశారు, బాగుంది. రాత్రి ఆఖరి పంటు ఎన్నింటికి దాటుతుందో ఎక్కడా రాయలేదు. అది దాటాక ఒడ్డున ఉన్నవాడు ఒడ్డునే, లంకలో ఉన్నవాడు లంకలోనే. ఆ టైము ఎవరు చెప్పారు, ఎవరు నమ్మారు, వరద రోజుల్లో అది మారుతుందా, ఆ సంగతి ఊరివాళ్లకి తెలిసి బయటి ఎస్సైకి తెలియకుండా ఉంటుందా? ముందు రేవుకెళ్లి పంటు నడిపేవాళ్లని అడిగి రండి. ఆ తర్వాత రాయండి, చదివి చెబుతాను.